ప్యాచ్ రాని వారంలో ప్రేమ విందు

మా ఆఫీసుకి ఆ నోటీసు వచ్చినప్పుడు నేను బల్ల కింద దూరి, ఒక వైరు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో వెతుకుతున్నాను. స్టోర్స్ చూసే బెంగాలీ దాదా పైన కుర్చీలో కూర్చుని దాన్ని పైకి చదివాడు. ఆయనది చావుకబురు చదివే గొంతు. క్యాంటీన్‌లో ఇవాళ గుడ్డు కూర అని చెప్పినా, వినేవాళ్ళకి ఆ గుడ్డు కుటుంబాన్ని పరామర్శించాలనిపిస్తుంది.

విషయం ఇది. సగం లోకం ఆఫీసు పనులకి వాడే షీట్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక కన్నం బయటపడింది. ఎవడో పనిగట్టుకుని ఒక ఫైలు తయారుచేసి పంపుతాడు. మనం తెరుస్తాం. లోపల మామూలు గళ్ళు, మామూలు అంకెలు. మనం వాటిని చూస్తూ ఉండగానే మన కంప్యూటరు మనల్ని వదిలేసి వాడి మాట వినడం మొదలుపెడుతుంది. ఈ కన్నం సంగతి చేసిన కంపెనీకి తెలుసు, దొంగలకి తెలుసు, ఇప్పుడు బల్ల కింద ఉన్న నాకూ తెలిసింది. దాన్ని పూడ్చే ప్యాచ్ మాత్రం ఇంకా తయారవలేదు. మీ తలుపు గడియ విరిగిందని ఊరంతా చాటింపు వేసి, కొత్త గడియ ఇంకా కొలిమిలోనే ఉంది, అందాకా మీ జాగ్రత్తలో మీరుండండి అన్నట్టు.

ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో మాది చిన్న ఫ్యాక్టరీ. అందుకని అక్కడి కంప్యూటర్లకి డాక్టరూ నర్సూ వార్డు ఆయా అన్నీ నేనే.

"ప్యాచ్ కబ్ ఆయేగా?" అన్నాడు దాదా, బల్ల కిందికి వంగి.

"చెప్పలేదు దాదా. చేస్తున్నారట."

"తబ్ తక్?" అందాకా ఎలా అని.

"బయటి నుంచి వచ్చిన షీట్ ఏదీ తెరవకూడదు."

"మన పనంతా బయటి నుంచి వచ్చే షీట్లే కదా?"

"అవును."

ఆయన ముఖంలో నేను ఎన్నడూ చూడని వెలుగొకటి మెల్లగా వచ్చింది. "తాహొలే ఆజ్ ఛుటీ?"

అయితే ఇవాళ సెలవా అన్న మాటకి ఏ భాషలోనైనా కాళ్ళుంటాయి. నేను బల్ల కింద నుంచి బయటికి వచ్చేసరికి అది ప్యాకింగ్ సెక్షన్ దాటిపోయింది. ఒకాయన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టేసుకుని చెప్పులు కూడా వేసుకున్నాడు. అప్పుడు మేనేజరు వచ్చి, షీట్లు లేకపోతే కాగితాలున్నాయి, రాయండి అన్నాడు. అది అందరికీ చెప్పాల్సిన దాదా గొంతుకి చివరికి తగిన వార్త దొరికింది. బీరువా అడుగు నుంచి పాత కార్బన్ పేపర్ తీస్తే, కొత్తగా చేరినవాళ్ళలో ఒకడు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఈ ఎక్స్‌రే ఎవరిదని అడిగాడు.

నోటీసు చివర లావు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: నమ్మకమైన వారి నుంచి వచ్చిన ఫైళ్ళనే తెరవండి. అది రాసినవాళ్ళు మా ట్రాఫిక్‌లో ఎప్పుడూ ఉండి ఉండరు. ట్రాఫిక్ అంటే మా రైల్వే కాలనీ. తాతల కాలంలో ఉద్యోగాలకని ఆంధ్ర తీరం నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలు. ఒకరికొకరు చుట్టాలు కానివాళ్ళెవరైనా ఉంటే, ఆ పని మీదే ఉన్నారని అర్థం. అక్కడ నమ్మదగనివాడు నాకు తెలిసి ఒక్కడే, వాడికి కంప్యూటరు లేదు. మిగతావాళ్ళలో ఎవరు ఏం పంపినా తెరవాలి. చుట్టం పంపిన ఫైలుని అనుమానించడమంటే, చుట్టం వడ్డించిన అన్నాన్ని వాసన చూసి తినడమే.

నేను ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో కొబ్బరి కోరుతోంది.

"ఏటే, ఇంతసేపు?"

"కంప్యూటర్లకి రోగమొచ్చింది."

"మందెయ్యనేకపోనావా?"

"మందు ఇంకా కనిపెట్టలేదు."

కోరడం ఆగింది. "అంటుకుంతాదేటి?"

"ఫైలు తెరిస్తే అంటుకుంటుంది. అదీ గళ్ళ షీట్ల ఫైళ్ళు. అదీ ఆఫీసు కంప్యూటర్లకి. ఫోన్ల మాట నోటీసులో లేదు."

చివరి రెండు ముక్కలూ నేను ఆమె వైపు తిరిగి, గొంతు పెంచి మరీ చెప్పాను. అవి మా వంటింటి గడప దాటలేదు. మొదటి ముక్క దాటింది.

మర్నాడు పొద్దున పాలకి వెళ్తుంటే పక్క క్వార్టర్ పిన్ని ఆపింది. ఆవిడకీ మాకూ రక్తసంబంధం లేదు, గోడ సంబంధం.

"ఒలే అమ్మీ, ఫైలు తెరిత్తే ఫోను ఏడెక్కిపోయి పేలిపోతాదంట గదా?"

"ఎవరు చెప్పారు పిన్నీ?"

"నువ్వే సెప్పినావంట."

సాయంత్రం ఆటో దిగేసరికి ఆ వార్త ఇంకొంచెం ఎదిగింది. ఫైలు తెరిస్తే మన ఫోన్‌లో ఫొటోలన్నీ మన ఆడపడుచు ఫోన్‌లోకి వెళ్ళిపోతాయట. ఇంటి దగ్గరికొచ్చేసరికి మరీ ముదిరింది. తెరవనక్కర్లేదు, తెరుద్దామా అని అనుకుంటే చాలట. ఇవన్నీ నా పేరు మీదే తిరుగుతున్నాయి. కంప్యూటర్ల పిల్ల చెప్పిందన్నాక ఇంకేం కావాలి! ప్యాచ్ లేని కన్నం నుంచి ఏమి లోపలికి వస్తుందో నాకు తెలీదు గాని, మా అమ్మ నోటి నుంచి బయటికి వచ్చినదానికి మాత్రం ఏ కంపెనీ దగ్గరా ప్యాచ్ ఉండదు.

సరిగ్గా ఆ వారమే మా తెలుగు చర్చి వార్షికోత్సవం. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమ విందు ఉంటుంది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో వంట. ఎవరేం వండాలో తేల్చేది స్త్రీల సమాజం కార్యదర్శి, రైల్వే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఒకప్పుడు ఆవిడ పేర్లు పైకి చదివేవారు. చదివిన రోజు ప్రేమ తగ్గి గొంతులు పెరిగేవి. తరవాత వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి చూశారు. దాన్ని ఎవరో ముందుకి పంపుతూ, తమ పేరు పక్కనున్న ఉల్లిపాయ ముక్కలు తీసేసి వేటమాంసం పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఆవిడ షీట్ ఫైలు తయారుచేసి, ఎవరూ మార్చడానికి లేకుండా తాళం వేసి పంపుతున్నారు. గళ్ళకి రంగులు కూడా వేస్తారు: మాంసానికి ఎరుపు, కూరగాయలకి ఆకుపచ్చ, అన్నానికి తెలుపు, పెరుగు చట్నీకి ఇంకో రకం తెలుపు.

ఆ ఇంకో రకం తెలుపు మా అమ్మది.

కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఇదే విందుకి అమ్మ చేపల పులుసు వండింది. పొరుగూరి నుంచి వచ్చిన అయ్యగారు (పాస్టరు గారిని మేము అలాగే అంటాం) మారు వడ్డించుకుని తిన్నారు. తరవాత ముగింపు ఆశీర్వాదానికి రెండు చేతులూ ఎత్తి, వాక్యం సగంలో ఆగిపోయారు. గొంతులో ముల్లు, సన్నముళ్ళ రుయి చేపది. సంఘమంతా కళ్ళు మూసుకుని ఉంది కాబట్టి ఆయన దేవుని సన్నిధిలో మౌనంగా ఉన్నారనుకున్నారు. ఆ మౌనానికి కొందరికి కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఎవరో కళ్ళు తెరిచి చూసి అరటిపండు తెచ్చారు. ముల్లు దిగింది. ఆశీర్వాదంలో మిగతా సగం మాకు ఇప్పటికీ రావాలి.

అమ్మని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకుండానే మరుసటేడు ఆమె పేరు పక్కన పెరుగు చట్నీ చేరింది. ఇక అక్కడి నుంచి కదల్లేదు. ప్రతి ఏడూ ఫైలు తెరిచేది, చూసేది, ఫోన్ బోర్లా పెట్టేది. ఆమె పగంతా ఆ చట్నీలో ఉల్లిపాయ ముక్కల సైజులో కనబడేది. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పులుసు అది. మా ఇంట్లో దానికి వంక పెట్టినవాళ్ళు లేరు. ఊరు మాత్రం ఆమె చేతి వంటని ఒక్క ముల్లుతో గుర్తు పెట్టుకుంది. ఆ బల్ల మీద మళ్ళీ ఒక్కసారి పులుసు గిన్నె పెట్టాలి, జనం గొంతు తడుముకోకుండా తినాలి. ఆమెకి కావలసింది అంతే. అడగడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చేది.

ఆ వారం మధ్యలో ఫైలు వచ్చింది. గ్రూపులో వెంటనే జవాబులు మొదలయ్యాయి. అందింది టీచరమ్మా వందనాలు. అందినది స్తోత్రం. ఒకావిడ జోడించిన చేతులు, వాటి కింద గులాబీల వరస, వాటి కింద ఎందుకో ఒక విమానం. నేను చూస్తుండగానే అమ్మ కూడా 'అందినది, దేవునికే మహిమ' అని పెట్టి ఫోన్ పక్కన పడేసింది.

"తెరవకుండానే మహిమా?" అన్నాను.

"నువ్వే గదే తెరవొద్దన్నావు."

"ఫోన్ల మాట లేదన్నానుగా."

"నేదంటే? ఫోనుకి ఏటీ అవ్వదనా, ఏటవుద్దో ఆలకి తెలీదనా?"

"పోనీ టీచరమ్మకి ఫోన్ చేసి అడుగు."

"ఏటని అడగాల? మీరు పంపినది ముట్టుకోడానికి బయమేసినాది, మీకేటైనా రోగమున్నాదేమో అనా? ఆయమ్మ నాకు బాప్తీస్మమప్పుడు పక్కన నిలబడ్డాదే!"

అదీ చిక్కు. ఫైలు తెరిస్తే ప్రమాదం, తెరవలేదని చెబితే అంతకన్నా ప్రమాదం. గ్రూపులో అన్ని 'అందింది'ల వెనకా ఇదే ఉందని నాకప్పుడు తట్టలేదు. ఈ ఆలోచన మా అమ్మకి ఒక్కదానికే వచ్చిందనుకున్నాను. కన్నతల్లి కదా, కాస్త ఎక్కువ అంచనా వేస్తాం.

"అయితే నాకు పంపు. ఆఫీసులో దీనికో పద్ధతుంది, జాగ్రత్తగా తెరిచి నీ పేరు పక్కన ఏముందో చూసి చెప్తాను."

"వద్దమ్మా. నీ ఉజ్జోగం మీదకొత్తాది."

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఆ గొంతులో అంత ప్రేమ వినలేదు.

"మరి ఏం వండుతావు?"

"తెలీదు గదా. తెలీనప్పుడు మనసుకి ఏది తోత్తే అది సెయ్యాల."

"మనసుకి ఏం తోచింది?"

అమ్మ కిటికీ వైపు చూసింది. "వంజరం."

ఆ పూట కుటుంబ ప్రార్థనలో ఆమె, "పెబువా, దేనికీ తొందరపెట్టకు, అన్నీ నీ సమయంలోనే జరగనియ్యి" అంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆమె దేని గురించి అంటోందో ఆ గదిలో నాకూ దేవుడికీ తెలుసు. లోకంలో ఎంతమంది ఆ ప్యాచ్ కోసం ఎదురుచూస్తున్నారో గాని, అది ఇంకొంచెం ఆలస్యమవ్వాలని మోకాళ్ళ మీద కూర్చుని అడిగినది మాత్రం మా అమ్మే అయి ఉంటుంది.

శనివారం గోల్ బజార్ చేపల మార్కెట్‌కి నన్ను కూడా లాక్కెళ్ళింది. దీఘా తీరం నుంచి వచ్చిన వంజరాన్ని తోక పట్టుకుని ఎత్తి, పోలీసులు సంచీ తనిఖీ చేసినట్టు చేసింది.

"ఇస్‌మే కాంటా హై?" ముల్లుందా అని అడిగింది.

"మఛ్లీ హై దీదీ," అన్నాడు చేపలతను.

"ఛోటా ఛోటా కాంటా?"

"బీచ్‌మే ఏక్ హై. బడా." మధ్యలో పెద్దదొక్కటే అని వేలు చూపించాడు.

"పక్కా?"

అతను కత్తి కింద పెట్టి నా వైపు చూశాడు. "దీదీకో పనీర్ దిలా దో."

పనీర్ కొనిపెట్టమన్నది అమ్మ అవమానంగా తీసుకోలేదు. ముక్కలు కోయించి, ఇంటికి తెచ్చి, ఒక్కో ముక్కనీ వేళ్ళతో తడిమి చూసి, పులుసు ఒక రోజు ఊరితేనే రుచని ఆ సాయంత్రమే వండేసింది. కిటికీ తెరిస్తే వీధి వీధంతా మసాలా వాసన. ప్రతి ఏడూ అన్నం తెచ్చే పక్కింటి పిన్ని ఇంట్లో కుక్కరు కూతలు ఆగడం లేదు. అన్నం అంతసేపు ఉడికితే దాన్ని అన్నం అనరు, గంజి అంటారు. నాకు నవ్వొచ్చింది. అంతకన్నా ముందుకి ఆలోచించలేదు.

ఆదివారం ఆరాధన బ్రహ్మాండంగా జరిగింది. తరవాత ఆవరణలో షామియానా కింద పొడుగు బల్లలు వేశారు. మూతలు పెట్టిన గిన్నెలు వరసగా చేరాయి. భోజనానికి ముందు ప్రార్థన టీచరమ్మది. ఆవిడ కళ్ళజోడు తీసి, "తండ్రీ, ఈ ఏడు ఈ వంట నాకెందుకిచ్చారని ఒక్క సహోదరి కూడా నన్ను అడగలేదు. మా స్త్రీల సమాజానికి నువ్విచ్చిన ఐక్యతని బట్టి స్తోత్రం" అన్నారు. చుట్టూ ఉన్న సహోదరీమణులు ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ ఎందుకో కొంచెం తొందరగా వచ్చింది.

మూతలు తీశారు.

మొదటి గిన్నెలో వేటమాంసం. రెండోదాంట్లో వేటమాంసం. మూడోది కోడి. తరవాతది కోడి వేపుడు. ఆ పక్కది గోంగూర మాంసం. గోంగూర ఉంది కాబట్టి దాన్ని కూరగాయల కింద లెక్క వేస్తే, ఆ బల్ల మీద కూరగాయలు అంతే. తరవాత రొయ్యలు. తరవాత మళ్ళీ కోడి, కానీ ఈసారి జీడిపప్పుతో. చివర, కాస్త విడిగా, మా అమ్మ పులుసు. ఒక్కో మూత లేస్తున్నకొద్దీ మగాళ్ళ ముఖాలు వెలుగుతున్నాయి, ఆడవాళ్ళ ముఖాలు వాడుతున్నాయి.

టీచరమ్మ బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. మళ్ళీ వెనక్కి వచ్చారు.

"అన్నం ఎవరిది?"

అందరూ పక్కవాళ్ళ గిన్నెల వైపు చూశారు.

"అన్నం ఎవరిదమ్మా?"

పక్కింటి పిన్ని తన గిన్నె వైపు చూసుకుంది. అది వేటమాంసం. "నాదేనేటి?"

"ఫైల్లో ఉందిగా. తెల్ల గడి."

"ప్రతేడూ నాదేనేటి?" అంది పిన్ని, ఈసారి ప్రశ్నలా కాకుండా.

"మరి అందింది, స్తోత్రం అని పెట్టావు!"

"అందినాది టీచరమ్మా. నిజంగానే అందినాది."

టీచరమ్మ అందరి వైపూ చూశారు. పెరుగు చట్నీ లేదు. సాంబారు లేదు. ఉల్లిపాయ ముక్కలు లేవు. ఇన్నేళ్ళుగా ఎవరికి ఏది వండాలని ఉండేదో అది మాత్రం ఉంది. "నా ఫైలు ఒక్కరైనా తెరిచారా?"

ఇంతమంది ఒకేసారి నా వైపు తిరగడం నా జీవితంలో అదే మొదటిసారి. పెళ్ళిలో తప్ప ఇలా జరగదనుకున్నాను. చెప్పక తప్పలేదు. సాఫ్ట్‌వేర్‌లో కన్నం ఉందని, ప్యాచ్ ఇంకా రాలేదని, షీట్ ఫైళ్ళతో జాగ్రత్తగా ఉండమన్నారని చెప్పాను. ఫోన్ల మాట నోటీసులో లేదని కూడా చెప్పాను. ఈసారి కూడా ఎవరూ వినలేదు.

"అంటే నా ఫైలుకి రోగమని చెప్పావన్నమాట," అన్నారు టీచరమ్మ.

"మీ ఫైలు శుభ్రమైనదే టీచరమ్మా. తెరిచే సాఫ్ట్‌వేర్‌కే ఒంట్లో బాగోలేదు."

"మరి ఆ మాట నాతో ఒక్కరైనా చెప్పొచ్చుగా?"

"ఎలా సెప్తాం టీచరమ్మా," అంది వెనక నుంచి ఎవరో. "మీరు బాద పడరూ?"

"ఇప్పుడు బాధపడలేదా?"

స్త్రీల సమాజం ఐక్యత ఇక్కడా చెడలేదు. అందరూ కలిసి నేలచూపులు చూశారు.

అన్నం ఇప్పుడు వండుదామంటే చర్చిలో ఉన్నది టీ కాచుకునే చిన్న స్టవ్. పిల్లలు అప్పటికే కోడి ముక్కల మీద చేతులు వేస్తున్నారు. ఆ గందరగోళంలో, ముందు కుర్చీలో కూర్చున్న రిటైర్డ్ డ్రైవరు తాత చేతికర్రతో నేల మీద కొట్టాడు. ఆయన రైలింజన్లు నడిపిన మనిషి, ఆగి ఉండటం నచ్చదు.

"రోడ్డవతల ముడి నేదేటి?"

ముడి అంటే మరమరాలు. ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలు వాటిని చిరుతిండి అనుకుంటారు. మేదినీపూర్ జిల్లాలో పుట్టినవాళ్ళకి అది అన్నానికి చెల్లెలు. ఇక్కడ ముడితో తినకూడనిదంటూ ఏదైనా ఉంటే అది కంచమే. గేటు ఎదురుగా కొట్టు పెట్టుకున్న బెంగాలీ మాషీ దగ్గరికి నేనే పరిగెత్తాను. ఆవిడ బస్తా భుజాన వేసుకుని తనే వచ్చింది. బల్లల వైపు చూసి ఆగిపోయింది.

"ఎతో మాంగ్షో! భాత్ కోథాయ్?"

ఇంత మాంసముంటే అన్నం ఎక్కడ అంటోంది. పెద్ద కథ మాషీ, కంప్యూటర్ల గొడవ అన్నాను. ఆవిడ తల ఊపింది. మా అల్లుడు కూడా ఎప్పుడూ ఇలాగే చెప్తాడంది.

కంచాల నిండా ముడి. దాని మీద వేటమాంసం పులుసు పడగానే చుయ్యిమని చిన్న చప్పుడు. అంతే, జనం విరుచుకుపడ్డారు. నవ్వులు మొదలయ్యాయి. ఎవరి గిన్నెలో ఏముందో, ఎన్నేళ్ళ నుంచి మనసులో పెట్టుకుందో ఒకరినొకరు ఏడిపించుకుంటున్నారు. "ఏటే, సాంబారు పెట్టీ పెట్టీ ఇసిగిపోయి రొయ్యలెత్తుకున్నావా?" "నీ ఉల్లిపాయలకి రెక్కలొచ్చి కోడైపోనాయేటి?"

అమ్మ గిన్నె దగ్గర మాత్రం ఎవరూ లేరు. ఆమె గరిటె పట్టుకుని నిలబడి ఉంది. మూత సగం తీసి, సగం పెట్టి. వచ్చినవాళ్ళు దగ్గరిదాకా వచ్చి, పులుసు చూసి, చిన్నగా నవ్వి, కోడి వైపు మళ్ళిపోతున్నారు. ఆమె ముఖం నేను ఏడాదికోసారి చూసే ముఖమే, ఫోన్ బోర్లా పెట్టినప్పటి ముఖం. ఒక జోకు వేద్దామనుకున్నాను. నాకు ఏదీ తట్టలేదు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

అప్పుడు డ్రైవరు తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నోట్లో మిగిలిన పళ్ళు తక్కువ. గిన్నెలోకి వంగి వాసన చూశాడు.

"ముల్లుంతాదా?"

"నేదు తాతా. వంజరం. నడుమ పెద్దదొక్కటే, అది తీసిపారేసినాను."

"గ్యారంటీ?"

"తిని సూడు."

తాత కంచం చాపాడు. పులుసు ముడి మీద పడింది. ఆయన ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఆవరణలో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను అబద్ధం చెప్పడం లేదు, మొత్తం సంఘం ఒక ముసలాయన గొంతుముడి వైపు చూస్తోంది. అది పైకి వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది. కిందికి దిగింది.

తాత దగ్గాడు.

పక్కింటి పిన్ని అరటిపండు కోసం పరిగెత్తింది. ఎవరో నీళ్ళు అన్నారు. తాత చెయ్యెత్తి అందరినీ ఆపి, కళ్ళు తుడుచుకున్నాడు.

"కారం," అన్నాడు. మళ్ళీ కంచం చాపాడు. "ఇంకా పొయ్యి. ముక్కలు అడుగునెట్టీనావేటి? పైకి తియ్యి."

ఆ తరవాత వరసలో నాకు చోటు దొరకలేదు. పులుసు తాగిన ముడి ఎంత రుచిగా ఉంటుందో ఆ రోజు ట్రాఫిక్‌కి కొత్తగా తెలిసింది. ఖరగ్‌పూర్‌లో ఇన్ని తరాలుండి ఇది ఇప్పటిదాకా ఎవరికీ తట్టకపోవడం విచిత్రమే. చింతపండు పులుపుకి ముడి మెత్తబడి, నోట్లో పెట్టుకుంటే మాయమవుతుంది. పులుసుకి అన్నం లేకపోవడమే కలిసొచ్చింది. చివర్లో టీచరమ్మ కంచంతో వచ్చి నిలబడ్డారు. అమ్మ గరిటె గాల్లో ఆగింది.

"ఇది పెరుగు చట్నీ కాదు," అన్నారు టీచరమ్మ.

"కాదు టీచరమ్మా."

"చూస్తే తెలుస్తోంది." కంచం ముందుకి జరిపారు. తింటూ తింటూ, ఎవరికీ కాకుండా బల్లకి చెప్పినట్టు, "వచ్చే ఏడు ఈ గడికి రంగు మార్చాలి" అన్నారు. రెండోసారి కూడా వేయించుకున్నారు. నేను చూశాను. అమ్మ కూడా చూసింది, చూడనట్టు అటు తిరిగింది.

ఆ తరవాతి వారం ప్యాచ్ వచ్చింది. ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒకదాని తరవాత ఒకటి ఆగి మళ్ళీ మొదలయ్యాయి. కన్నం పూడింది, ఇక షీట్లు తెరుచుకోవచ్చు అన్న కబురు దాదా పైకి చదివాడు. విన్నవాళ్ళు లేచి మౌనంగా నిలబడకపోవడమే ఆశ్చర్యం.

కానీ చెప్పాల్సింది ఆ ఆదివారం సాయంత్రం సంగతి. మా నాన్న గూడ్స్ గార్డు. ఇప్పుడు వాళ్ళని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు పెరిగింది గాని ఆదివారాలు పెరగలేదు. విందుకి రాలేకపోయాడు. డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దారి పొడుగునా దాని గురించే ఆలోచించినవాడిలా కంచం ముందు కూర్చున్నాడు.

అమ్మ అన్నం పెట్టింది. పక్కన ఒక ఆమ్లెట్ పెట్టింది.

"పులుసేదీ?" అన్నాడు నాన్న.

"అయిపోనాది!" అంది అమ్మ. సంబంధం కుదిరిందని చెప్పే గొంతుతో.

"మొత్తమా?"

"మొత్తం."

"నాకు రవ్వంత తీసి పెట్టనేదేటి?"

"తీసి పెడదామనే అనుకున్నాను. పెట్టనిచ్చినారేటి!"

"ఒక్క ముక్కయినా?"

"ముక్కేటి, గరిటి కూడా నాకీసినారు."

నాన్న ఆమ్లెట్ వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు, ఇంట్లో ఇంకెవరైనా తన పక్షం ఉన్నారేమోనని. నేను మంచినీళ్ళు ఇచ్చాను. ఆయన ఒక ముద్ద కలుపుకుని, కాస్త ఆగి, "పోనీ అడుగున పులుసు కొంచెం..." అని మొదలుపెట్టాడో లేదో, అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చింది. కడగలేదు. అడుగున కరివేపాకు రెబ్బ ఒక్కటి అంటుకుని ఉంది. దీపం కిందికి వంచి, లోపలంతా కనబడేలా తిప్పి తిప్పి, ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"సూడు," అంది. "బాగా సూడు."